ఏడాది యాత్రలు - మీ లేఖలు



భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితమున మొదటి యంకమునందు సీతారాములు తాము వనవాసకాలమున దిరిగిన చోటుల నన్నింటిని చిత్రములలో జూచుకొనుట యొక మనోహరమైన ఘట్టము. నాడు ముండ్లును ఱాళ్ళునై తోచిన త్రోవయే నేడు చిత్రమున ముచ్చటగా గనబడును. చూచి చూచి సీతమ్మకు మరల నా గంగాతీర వనములకు బోవలెనని కోరిక పుట్టును. గత సంక్రాంతి మొదలు ఈ సంక్రాంతి వఱకు మేము చేసిన ప్రయాణములను నెమరువేసికొన గూర్చుండగా నా కా ఘట్టము జ్ఞప్తికి వచ్చినది. నాకు చిత్రములు లేవు. మీరు వ్రాసిన యుత్తరములు గలవు. పచ్చడి జాడీల ప్రక్కనున్న రేకుపెట్టెలో దాచిన యా యుత్తరములను మొన్న మధ్యాహ్నము చాపమీద బరచుకొని యొక్కొక్కటిగా మరల జదివితిని. నేను జూచిన చోటులు వేఱనియు, మీరు నా వ్రాతలో మెచ్చుకొన్న చోటులు వేఱనియు నాకప్పుడు తెలిసినది. ఆ సంగతియే నేడు మీకు విన్నవించుచున్నాను.

మావారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. మాది నరసరావుపేట ప్రాంతమున నొక పల్లె. బడికి సెలవులున్నప్పుడే మాకు ప్రయాణము. జీతములో పాలవానికి, కిరాణాకొట్టుకు, పిల్లల పుస్తకములకు బోగా మిగిలినదే దారిబత్తెము. బడిచదువు నాకు కొంచెమే. మా నాయనగారు ఇంటనే భారత భాగవతములను, కావ్యములను గొన్నింటిని జెప్పిరి. అరణ్యపర్వమున ధర్మరాజు రోమశమహామునితో గూడి చేసిన తీర్థయాత్రలన్నియు నాకు వరుసగా వచ్చును. కాని ముప్పదియేండ్లు నిండువఱకు కృష్ణదాటి యవతలికి బోయి యెఱుగను. ఈ యేడాదిలో మాత్రము ఆరు ప్రయాణములు చేసితిమి. సంక్రాంతికి లేపాక్షి, మాఘమాసమున సూళ్ళూరుపేటకు దగ్గఱనున్న నేలపట్టు, వేసవిలో ఏటికొప్పాక, శ్రావణమున అమరావతి, దసరాకు రామప్పగుడి, కార్తికమున నాగార్జునకొండ. మా అత్తగారును, ఇద్దఱు పిల్లలును వెంటనే యుండిరి.

వీనిలో నేను మిక్కిలి శ్రమపడి వ్రాసినది అమరావతిని గూర్చి. పదునైదు రాత్రులు పిల్లలు నిద్రించిన పిమ్మట గూర్చుండి మహాస్తూపమును వర్ణించితిని. పద్మములను, పూర్ణకుంభములను, తోరణములను నొక్కటియు విడువలేదు. దొరకిన సమాసమును విడువలేదు. దానికి మీ యొద్దనుండి వచ్చిన యుత్తరము లెన్నియో యెఱుగుదురా? ఒక్కటియు లేదు! చిన్నబోయి మా అత్తగారి నడిగితిని. ఆమె ప్రత్తివత్తులు చేసికొనుచు, తల యెత్తకయే, "అక్కడ లేనిదాన్ని అంతసేపు చెప్పావు. ఉన్నదేమిటో చెప్పలేదు గదే అమ్మాయ్" అనిరి.

ఆమె మాట నిజము. అమరావతీ శిల్పములలో నెంతో గొప్పవి చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోని బ్రిటిషు మ్యూజియములోను నున్నవి. స్తూపమున్న చోట మిగిలినది గుండ్రని దిబ్బ, కొన్ని నిలువుఱాళ్ళు, చుట్టును పచ్చిక. నేను పుస్తకములోని బొమ్మలను జూచి వ్రాసితినేగాని, ఆ యుదయమున నా కన్నులయెదుట నున్న బోసి దిబ్బను జూచి వ్రాయలేదు. ఆ పచ్చికమీద మా చిన్నపిల్ల కూర్చుండి, "అమ్మా, బొమ్మలన్నీ ఏవి?" యని యడిగినది. ఆ ప్రశ్నయే వ్రాసియుండిన జాలెడిది.

నేలపట్టును గూర్చి నేను వ్రాసినది రెండు పుటలే. నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను బెంచుటయు, వాని రెట్టలు కలిసిన చెఱువునీరు పొలములకు బలమని యచటి రైతులు వానిని గాపాడుకొనుటయు నందలి విషయము. ఆ ప్రాంతపు సోదరి యొకతె యిట్లు వ్రాసినది: "అవి మాకు పక్షులు గావమ్మా, పురిటికి వచ్చిన ఆడబిడ్డలు. రాని యేడు మాకే వెలితి." నా రెండు పుటలకన్న నామె రెండు వాక్యములే యధికము.

పిల్లల తల్లులకెల్ల నచ్చినది ఏటికొప్పాక. వరాహనది యొడ్డున నున్న యీ యూర అంకుడుకఱ్ఱతో లక్కబొమ్మలు చేయుదురు. తరిమెనమీద గిరగిర తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్క కడ్డీని ఒత్తి పట్టినచో, ఆ రాపిడి వేడికే లక్క కరగి కఱ్ఱ కంటుకొనును. పిమ్మట మొగలిరేకుతో రుద్దగా నద్దమువలె నిగనిగలాడును. గింజలనుండియు, బెరడులనుండియు, వేళ్ళనుండియు దీసిన రంగులు గావున నోటబెట్టుకొను పసిపిల్లలకు భయము లేదని పనివారు చెప్పిరి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మ ఖరీదెంత, లక్కపిడతల జత దొరకునా, బొమ్మలకొలువునకు సమయమునకు వచ్చునా యని మీరు వ్రాసిన యుత్తరములకు బదులు వ్రాయుటకే నాకొక నెల పట్టినది. అదియు నాకు సంతోషమే. చదివి చేయిచాచినవారు చదివి మెచ్చుకొన్నవారికంటె నాకు దగ్గఱగా దోచిరి.

ఇక నా తప్పులకు వత్తును. మొదటిది లేపాక్షి.

కూర్మశైలమను తిన్నని గుట్టపై నున్న యా వీరభద్రాలయమును విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమున, పదునాఱవ శతాబ్దియందు, విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు గట్టించిరి. ఊరి మొగదలనే యొక్క ఱాతిలో మలచిన నంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు. మండపపు కప్పున పార్వతీ పరిణయాది చిత్రములు. అందలి స్త్రీల చీరలపై నున్న చాఱలు, గళ్ళు, పూవులు నేటికిని నేతపనివారికి మాదిరులగుచున్నవి. నేల నంటని వ్రేలాడు స్తంభముక్రింద మా పిల్లలు చేతిరుమాలు దూర్చి యీవలనుండి యావలకు లాగి కేరింతలు గొట్టిరి. సగములో నిలిచిపోయిన కల్యాణమండపమును జూచి మా అత్తగారు, "పెండ్లి చేయబోయి ఆగిన యిల్లువలె నున్నది" అనిరి. ఇవన్నియు వ్రాసితిని. వ్రాసి, "ముసలివారు సైతము హాయిగా జూడదగినది" యని ముగించితిని.

ఆ వాక్యమును నమ్మి యొక సోదరి తన తల్లిని వెంటబెట్టుకొని వేసవియెండలో మిట్టమధ్యాహ్నము పోయినది. మేము పోయినది పుష్యమాసపు చలిలో, సూర్యోదయమున. చెప్పులు వెలుపల విడిచి యా ఱాతినేలపై నడువవలెనని నేను వ్రాయలేదు. చలిలో నాకది తోచనే లేదు. ఆమె తల్లి యరికాళ్ళు బొబ్బలెక్కినవి. "మీ వ్యాసము చాల బాగున్నది. మా అమ్మ పదిరోజులు నేలమీద కాలు పెట్టలేదు" అని మాత్రమే యామె వ్రాసినది. ఒక్క కఠినపు మాటయైన నందులో లేదు. ఆ యుత్తరము చదివిననాడు నాకు అన్నము సహించలేదు.

నాటినుండియు నా నోటుపుస్తకమున నొక పుట వేఱుగా బెట్టితిని: నీడ యెక్కడ, త్రాగునీరెక్కడ, మెట్లెన్ని, పట్టుకొనుటకు గోడయున్నదా, స్త్రీలకు మరుగుదొడ్డి యున్నదా, తిరిగివచ్చు కడపటి బస్సు ఎన్నిగంటలకు. కావ్యములలో నగర వర్ణనము, శైల వర్ణనము, ఋతు వర్ణనము గలవు. ఈ వర్ణనము లేదు. కాని ఆడుది యిల్లు కదలవలెనన్న మొదట దెలియవలసినది యిదియే. దసరాకు రామప్పగుడిని గూర్చి వ్రాసినప్పుడు ఈ పుట నున్నదున్నట్లు చేర్చితిని. ఆ వ్యాసమున మీరు కత్తిరించి దాచుకొన్నది ఆ భాగమే యని పలువురు వ్రాసిరి.

రామప్పగుడి హనుమకొండకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున పాలంపేటలో నున్నది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గట్టించిన రుద్రేశ్వరాలయమిది; శిల్పి పేర రామప్పగుడియని వాడుక. ఇసుక నింపిన పునాదిపై నిలిచినది. శిఖరపు ఇటుకలు నీటిపై దేలునంత తేలికైనవి. గుడి చుట్టును చూరుక్రింద నిగనిగలాడు నల్లఱాతి మదనికలు. అందొకతె పాదమునకు ఎత్తుమడమల పాదరక్ష గలదు. స్తంభములపైనున్న నాట్యభంగిమలను, జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిని ఆధారముగా గొని నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యమును బునరుద్ధరించిరి. 2021లో యునెస్కో వారు దీనిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి. గుడికి దగ్గఱనే కాకతీయుల నాటి చెఱువు. నేటికిని పొలములు పండించుచున్నది.

దీనికి వచ్చిన యుత్తరములలో నేను వేఱుగా దీసి యుంచినది కరీంనగరు దిక్కు సోదరిది. తెలంగాణమున 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు నుండియు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో నుచిత ప్రయాణము ప్రారంభమైన సంగతి మీ రెఱుగుదురు. ఆమెకు నలువదియైదేండ్లు. ఆసుపత్రికో, పెండ్లికో, పిల్లల పరీక్షకో తప్ప బస్సెక్కినది గాదు. ఎక్కినను ఎవరో యొకరి వెంట. వ్యాసము చదివి, పెరుగన్నము మూటగట్టుకొని, ఒంటిగా రెండు బస్సులు మాఱి రామప్పకు బోయినది. గుడి చూచి, చెఱువుకట్టమీద సద్ది విప్పుకొని తిన్నది. "ఎవలకు ఏం గావాల్నో అడగకుంట ఒక పూట గడిపిన, అక్కా" అని వ్రాసినది. కండక్టరిచ్చిన జీరో టికెట్టును నేను వ్రాసిన పుటల నడుమ దాచుకొన్నదట. శిల్పములను గూర్చి యామె యొక్క మాటయు వ్రాయలేదు; వ్రాయనక్కఱయు లేదు.

కడపటిది నాగార్జునకొండ. ఏడాది మొత్తమున మీరు మిక్కిలి మెచ్చుకొన్నది యిదియే. కారణమును దాచనక్కఱలేదు: అందు స్త్రీల పేళ్ళున్నవి. ఇక్ష్వాకురాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. అతని చెల్లెలు చాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమునకు దానములు చేసి పేరు చెక్కించినది. బోధిశ్రీ యను ఉపాసిక సింహళమునుండి వచ్చు భిక్షువులకై చైత్యగృహము గట్టించినది. రాజులు యజ్ఞములు చేయ, ఇంటి యాడువారు విహారములు గట్టించిరి; రెండును ఒక్క లోయలోనే యిమిడినవి. పదునేడు వందల యేండ్లనాటి స్త్రీ యొకతె యింటి సొమ్మును దన యిష్టము ప్రకారము వెచ్చించి, దన పేరు ఱాతిపై వ్రాయించుకొన్నదని చదివి మీలో నెందఱో సంతోషించిరి. మావారి సంతోషము వేఱు. 1926లో ఆ లోయలో బురాతన స్తంభమును గనిపెట్టి ప్రభుత్వమునకు దెలిపినది సూరపరాజు వెంకటరామయ్యయను బడిపంతులు. లాంచీ దిగినది మొదలు తిరిగి యెక్కువఱకు మావారు ఆయన పేరునే తలచిరి.

కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. లోయ మునుగుననుట నిశ్చయమైనందున 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవారు రేయింబవళ్ళు త్రవ్వి, బయల్పడిన కట్టడములలో ముఖ్యమైనవానిని కొండమీదికిని, అనుపునకును దరలించి మరల నిలిపిరి. నేడా కొండ శిఖరమే ద్వీపమైనది. 1967లో కాలువలకు నీరు వదలిరి. దీనినెల్ల వ్రాసి, చివర నిట్లంటిని: "నీరు వచ్చి ముంచకమునుపే అన్నింటిని గాపాడుకొనగల్గుట మన భాగ్యము."

వ్యాసము వెలువడిన పదిదినములకు మాచర్ల దిక్కునుండి యొక యుత్తరము వచ్చినది. అక్షరములు మనుమరాలివి, మాటలు డెబ్బదియైదేండ్ల పెద్దమ్మవి. "అమ్మా, నువ్వు రాసింది మా పిల్ల చదివి వినిపించింది. అన్నీ కాపాడారని రాశావు. రాళ్ళని మోసుకొచ్చి కొండమీద పెట్టారు, నిజమే. మా యింటి రోలు ఎవరూ మోయలేదు. ఆ లోయలో మా వూరుండేది. నాకప్పుడు పదేళ్ళు. నీ రాతలో రాజులున్నారు, సన్యాసులున్నారు, మేం లేం."

మెచ్చుకోలు ఉత్తరములన్నింటి నడుమ ఈ యొక్క యుత్తరము నన్ను నిదురపోనీయలేదు. ఏమన, మాది నరసరావుపేట ప్రాంతమని చెప్పితిని గదా! మా పొలములకు వచ్చునది సాగరు కుడికాలువ నీరు. పెండ్లియై వచ్చిన నాటినుండియు నేను వండి వడ్డించిన యన్నమంతయు నా నీటిదే. ఆమె యూరు మునిగిన నీటితో మా కుండ నిండినది. దానిని గూర్చి వ్రాయుచును నేనా యూరిని దలపలేదు.

మా అత్తగారికి జెప్పితిని. "ఉత్తరానికి ఉత్తరం రాస్తావా? పోదాం పద" అనిరి. సంక్రాంతికి వండిన అరిసెలు డబ్బాలో బెట్టుకొని, ఇద్దఱమును బస్సెక్కితిమి. మావారికి బడి యున్నందున రాలేదు.

పెద్దమ్మ యిల్లు చిన్నది; రెండు గదులు, ముందొక రేకుల వసారా. కోపముగా నుండునని జంకుచు బోయితిని. ఆమె మా అత్తగారిని జూచి, "వదినా, కూర్చో" యని పీట వాల్చి, మంచినీళ్ళిచ్చినది. ఇద్దఱు ముసలమ్మలును మోకాళ్ళనొప్పులను గూర్చియు, మనుమలను గూర్చియు మాటలాడుకొనుచుండగా నేనొక ప్రక్క గూర్చుంటిని. పిమ్మట నామెయే చెప్పసాగినది. ఊరినుండి రేవునకు నడిచినంత దూరము, నడుమ చింతచెట్టు, మంచినీళ్ళ బావి, వర్షములకు త్రవ్వకపుగుంటలలో నిలిచిన నీట పిల్లలీదులాడుట. త్రవ్వకమున కూలికి బోయిన తల్లి కొంగున పూసలు కట్టుకొని వచ్చి, ఱేపు తిరిగి యిచ్చివేయవలెనని పిల్లల కొక్కమాఱు చూపుట. ఊరు విడిచిననాడు బండిమీద తట్టలు, బుట్టలు, కోళ్ళ గంప, పై నామె. రోలు నేలలో బాతినది గనుక రాలేదు. తండ్రి మాత్రము వీథితలుపు ఊడదీసి బండికి గట్టెనట.

ఆ తలుపు ఇప్పటికిని ఆమె యింటికే యున్నది. మేము తలుపు దాటి వచ్చియు దానిని జూడలేదు! కొత్త యింటి ద్వారబంధమునకు చాలక, పైన నాలుగంగుళముల చెక్క అతికిరి. క్రింది భాగమున ఏండ్లతరబడి పూసిన పసుపు చెక్కలో నింకిపోయినది. ఆమె దానిపై చేయివైచి యొక క్షణము నిలిచినది.

బయలుదేరునప్పుడు మా అత్తగారి చేయి పట్టుకొని, "మీ పొలాలకి నీళ్ళొస్తున్నాయా?" అని యడిగినది.

"వస్తున్నాయి వదినా" అనిరి మా అత్తగారు.

"రానీ. ఊరికే పోలేదన్నమాట."

బస్సులో మే మిద్దఱమును జాలసేపు మాటలాడలేదు. కాలువవెంట వరిచేలు కోతలై, కుప్పలు వైచియుండెను.

సోదరీమణులారా, కాపాడినవారి కృషి చిన్నది గాదు. వారు లేనిచో చాంతిశ్రీ పేరు మనకు దక్కెడిది కాదు. కాని నేను వ్రాసిన వాక్యమున "అన్నింటిని" అను మాట తప్పు. దానినిప్పుడు మీయందఱి యెదుట గొట్టివేయుచున్నాను. నాగార్జునకొండకు బోవువారు లాంచీలో గూర్చున్నప్పుడు క్రింద నున్నది కేవలము నీరని తలపకుందురు గాక. లేపాక్షికి బోవువారు ఉదయమున బొండు. వేసవిలో మేజోళ్ళు వెంట నుంచుకొనుడు. అమరావతికి బోవువారు పిల్లలను దీసికొనిపోయి, బొమ్మలేవియని యడిగినచో నిజము చెప్పుడు.

వచ్చు సంవత్సరము నేనెచ్చటికి బోవుదునో మావారి సెలవులు చెప్పవలెను. మా అత్తగారికి మోకాళ్ళు సహకరించునంతవఱకు ఆమెయు వత్తురు. నేను వ్రాసిన యూరు మీ యూరైనచో, అందు నేను విడిచినది మీ కంటబడినచో, మొగమాటపడక వ్రాయుడు. రేకుపెట్టెలో నింకను జోటున్నది.